టెక్ సందేహాలు: ఏడుగురి టీమ్‌కి మైక్రోసర్వీసులు అవసరమా?

ప్రశ్న: మాదాపూర్‌లో చిన్న కంపెనీ మాది, వాటర్ క్యాన్ల డెలివరీ యాప్ కడుతున్నాం. డెవలపర్లం ఏడుగురం. మా లీడ్ గారు మొదట్నుంచే మైక్రోసర్వీసులు (యాప్‌ని విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా కట్టడం) అంటున్నారు, మాలో సగం మంది మోనోలిత్ (మొత్తం ఒకే ప్రోగ్రామ్) చాలంటున్నారు. మీటింగుల మీద మీటింగులు, ఏదీ తేలట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: నా ఓటు మోనోలిత్‌కేనండీ, కాకపోతే లోపల ఆర్డర్లు, స్టాకు, డెలివరీ విడివిడి మాడ్యూల్స్‌గా ఉండాలి. ఆర్డరూ స్టాకూ ఒకే డేటాబేస్‌లో ఉంటే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో సేవ్ అవుతాయి, మధ్యలో ఫెయిలైతే మొత్తం రోల్‌బ్యాక్ అయిపోతుంది, అంటే రెండిట్లో ఏదీ సేవ్ కాదు, అదే రెండు సర్వీసులు చేసి ఎవరి డేటాబేస్ వాళ్లకిచ్చారనుకోండి, స్టాకు తగ్గిపోయి ఆర్డర్ పడని కేసులన్నిటికీ సరిదిద్దే కోడ్ మీరే రాసుకోవాలి, టెస్ట్ చేసుకోవాలి, అర్ధరాత్రి లేచి చూసుకోవాలి. 2023లో ప్రైమ్ వీడియో టీమ్ వీడియో క్వాలిటీ చెక్ చేసే టూల్‌లోని విడి భాగాల్ని ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చాక ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని వాళ్లే రాశారు. ఆ ఒక్క టూల్ సంగతే అది, ప్రైమ్ వీడియో మొత్తం కాదు.

అయితే మీ అసలు ఇబ్బంది తేల్చుకోలేకపోవడం. అన్నిటికీ అంత చర్చ అక్కర్లేదు. లాగింగ్ లైబ్రరీ (యాప్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే రెడీమేడ్ కోడ్) లాంటిది నచ్చకపోతే వచ్చే నెల మార్చుకోవచ్చు, ఆ కోడ్ రాసేవాళ్లకే వదిలేయండి. డేటాబేస్ స్కీమా (డేటా ఏ రూపంలో దాచాలనే అమరిక), బయటివాళ్లకిచ్చే ఏపీఐ (వాళ్ల ప్రోగ్రాములు మన యాప్‌తో మాట్లాడే దారి) అలా కాదు, లైవ్ డేటా పేరుకున్నాక వాటిని కదిలించాలంటే చాలా కష్టం, మీ టైమంతా అక్కడ పెట్టండి.

ఇంకోటి, నోటిమాటగా వదిలేయొద్దు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ మైఖేల్ నైగార్డ్ 2011లో చెప్పిన ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్, అంటే డిజైన్ నిర్ణయాల్ని రాసిపెట్టుకోవడం) పద్ధతి ఉంది: పరిస్థితి ఏంటి, ఏం నిర్ణయించాం, స్టేటస్ ఏంటి, దానివల్ల వచ్చే మంచీచెడూ ఏంటి, ఒకట్రెండు పేజీల్లో రాసి కోడ్ పక్కనే గిట్‌లో (కోడ్‌నీ దాని మార్పుల్నీ దాచే టూల్) పెట్టడం. ఎప్పుడు మళ్లీ ఆలోచించాలో కూడా అందులో రాయమంటాను నేను. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే లైవ్ యాప్) పడిపోతే ఫోన్ ఎవరికి వస్తుందో వాళ్ల అభిప్రాయం తప్పకుండా అడగండి, జూనియర్ అయినా సరే.

మీ లీడ్ గారి మాట కొట్టిపారేయకండి. ఏ మాడ్యూల్ విడిగా స్కేల్ అవ్వాలో (అంటే ఎక్కువ లోడ్‌ని తట్టుకునేలా పెరగాలో), ఎందుకో ఆయన్నే రాయమనండి. నాకైతే డెలివరీ బాయ్స్ లొకేషన్ ట్రాకింగ్ ఒక్కటే అలా కనిపిస్తోంది, కొన్ని సెకన్లకోసారి జీపీఎస్ వస్తుంటుంది కాబట్టి. లోడ్ పెరిగాక దాన్నొక్కదాన్నే బయటికి తీయొచ్చు.