నిత్యజీవమా, శాశ్వత జీవితమా?

సందేహం: మా సంఘ పత్రికకు రాసిన వ్యాసంలో ‘నిత్యజీవిత సౌఖ్యాలకన్న నిత్యజీవాన్నే వెదకండి’ అన్నాను. ఒకే మాట ఒకచోట రోజువారీ అనీ, మరొకచోట అంతం లేనిదనీ ఎలా అర్థమిస్తుందని మిత్రులు అడుగుతున్నారు. రెండోదాన్ని ‘శాశ్వత జీవితం’ చేయమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మార్చదలచుకుంటే మొదటిదాన్ని మార్చండమ్మా. ‘ని’కి ‘త్యప్’ ప్రత్యయం చేరి ‘నిత్య’ శబ్దం ఏర్పడింది. ‘త్యబ్ నేర్ధ్రువే’ అన్న వార్తికాన్ని (పాణిని సూత్రాలకు చేర్చిన అనుబంధ నియమాన్ని) బట్టి చలించనిదని అర్థం. ఇంకా వెనక్కి వెళితే ఋగ్వేదంలో దీనికి ‘తనదైన, పరాయిది కాని’ అన్న అర్థం కనిపిస్తుంది. తనదైనది విడిచిపోదు, విడిచిపోనిది ఎప్పటికీ ఉంటుంది, ఎప్పటికీ ఉండేది ఏ రోజూ తప్పదు. ‘ప్రతిదినం’ అన్న అర్థం ఆ కొమ్మకు చివర వేసిన చిగురు. సింహాచలం నిత్యాన్నదానంలో రెండర్థాలూ కలిసే ఉన్నాయి.

1805లో విశాఖకు వచ్చిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌ల పూనికతో, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయరు తోడ్పాటుతో తెలుగైన మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అటువంటి ఊళ్లో ఉండి బైబిలు మాటను ఇంత తేలికగా దిద్దబోవడం మీ మిత్రులకు తగదు. నేడు మనం చదివే పాఠంలో రోజు గడవడానికి కావలసిన తిండి ‘అనుదినాహారము’. యోహాను సువార్తలో, రొట్టెలు తిని తృప్తిపడి మళ్లీ వెదుక్కుంటూ వచ్చిన జనంతో యేసు చెప్పినది ‘నిత్యజీవము కలుగజేయు అక్షయమైన ఆహారము’ గురించి. అదే సువార్త పదిహేడో అధ్యాయం దేవుణ్ణీ, ఆయన పంపిన క్రీస్తునూ ఎరుగుటయే నిత్యజీవమంటుంది. కాలం పొడవు మాట అక్కడ లేనే లేదు. అనువాదకులు తలచారని అనను గాని, ‘తనదైన’ అన్న పాత వైదికార్థం అక్కడ ఎంతో చక్కగా అమరుతుంది.

‘జీవితం’ అంటే పుట్టుక మొదలు చావు దాకా బతికే బతుకు. దానికి ‘శాశ్వత’ తగిలిస్తే ఇక్కడి సుఖాలకే గడువు పెంచి ఇస్తామన్నట్టు వినిపిస్తుంది. మీ వ్యాసం వద్దన్నది దాన్నే కదా! పైగా శాశ్వత చిరునామా, శాశ్వత ఉద్యోగం అంటూ దరఖాస్తుల్లో రాసి రాసి ఆ మంచి మాటను మనమే అరగదీశాం.

కనుక ‘అనుదిన జీవిత సౌఖ్యాలకన్న’ అంటే మేలు. రోజువారీ అన్న అర్థంలో ‘నిత్యజీవితం’ వాడుకలో స్థిరపడింది, తప్పని కొట్టివేయలేను. శబ్దం సొగసు కోసం మీరు కావాలనే రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే అలాగే ఉంచండి. సంఘంలో చదివి వినిపించేవారు మాత్రం ‘జీవిత’లో ‘త’ను మింగకూడదు.