సెయింట్ గాలెన్, ఆక్స్‌ఫర్డ్ ప్రతులు ఎందుకు కలవడం లేదంటే

ఐర్లండ్ చర్చి శాసనాల సంకలనమైన ‘కలెక్తియో కానోనుమ్ హిబెర్నెన్సిస్’ను సెయింట్ గాలెన్ 243, ఆక్స్‌ఫర్డ్ హాటన్ 42 అనే గ్రంథాలయ గుర్తులున్న రెండు చేతిరాత ప్రతులలో పోల్చి చూస్తుంటే అధ్యాయాలు పొసగడం లేదనీ, వీటిలో ఏది చెడిపోయిన పాఠమో తేలడం లేదనీ మీరు అడిగారు. ఈ తేడాకు కారణం పాఠం చెడిపోవడం కాదు. ఈ గ్రంథం మనకు రెండు పాఠ పరంపరలుగా అందింది. పండితులు వాటిని ‘ఏ’, ‘బి’ అని పిలుస్తారు. సెయింట్ గాలెన్ ప్రతి ‘ఏ’ పాఠానికీ, హాటన్ ప్రతి ‘బి’ పాఠానికీ చెందినవి. ‘ఏ’ పాఠం ఉదహరించిన ప్రామాణికులలో అందరికన్నా తరువాతివాడు 690లో మరణించిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థియొడోర్ కాగా, ‘బి’ పాఠంలో 704లో మరణించిన, స్కాట్లండ్ ద్వీపమైన అయోనాలోని మఠానికి అధిపతి అడొమ్నాన్ కూడా కనిపిస్తాడు.

కాబట్టి అధ్యాయ సంఖ్యలను పక్కనపెట్టి, శీర్షికనూ ఉదహరించిన ప్రమాణాన్నీ బట్టి రెండు ప్రతుల భాగాలను జతపరచండి. 1874లో జర్మన్ పండితుడు వాసర్‌ష్లేబెన్ ముద్రించిన పాఠానికి ప్రధాన ఆధారం ‘ఏ’ పాఠం కనుక, ఆ సంఖ్యలతో హాటన్ ప్రతిలో వెతికితే దారి తప్పుతారు. ఈ పనికి రెండు పాఠాలనూ పరిశీలించిన 2019 నాటి ఫ్లెక్నర్ పరిష్కరణే మేలు. సంకలనకర్తల విషయానికి వస్తే, పారిస్‌లోని లాటిన్ 12021 ప్రతి చివరి వాక్యాన్ని తప్పక చదవండి: ఐర్లండ్‌లోని డారినిస్ మఠానికి చెందిన రూబెన్, అయోనాకు చెందిన కూ ఖుయిమ్నె అనే ఇద్దరి పేర్లు మనకు దక్కింది ఆ వాక్యం వల్లనే.