కార్డు మీద, క్యూఆర్ మీద ఇచ్చిన టిప్స్ ఓనరే ఉంచేసుకుంటే?

ప్రశ్న: విజయవాడలో ఒక రెస్టారెంట్‌లో ఏడేళ్ళ నుంచి పని చేస్తున్నాను, ఇప్పుడు కెప్టెన్‌ని. జీతం 9 వేలు. కార్డు మీద, క్యూఆర్ మీద వచ్చిన టిప్స్ అన్నీ కలిపి నెలాఖరుకి మా 11 మందికి పాయింట్ల లెక్కన పంచేవాళ్ళు. 2022 ఆగస్టు నుంచి ఆపేశారు. అడిగితే టీడీఎస్ (ముందే కట్ చేసే పన్ను) పోతుంది, గ్లాసులు పగులుతున్నాయి అంటారు. బిల్లులో సర్వీస్ ఛార్జ్ కూడా వేస్తున్నారు. నాలుగేళ్ళు నేను చేతితో రాసిన టిప్ పుస్తకం మేనేజర్ అడిగితే ఇచ్చేశాను, ఫోటోలు లేవు, ఫోన్ మార్చాక వాట్సాప్ గ్రూప్ కూడా పోయింది. కరోనా టైమ్‌లో ప్రాణాలకి తెగించి చేశాను, మా నాన్నగారు పోయినప్పుడు కూడా మూడో రోజే డ్యూటీకి వచ్చాను. కస్టమర్లు నన్ను చూసి, నా మర్యాద చూసి ఇచ్చిన డబ్బు అది. ఆ టిప్‌కి నేను అర్హుడిని కాదా? 3 లక్షల 80 వేలు రావాలి. కౌంటర్ మీద హోటల్ క్యూఆర్ పక్కన నా క్యూఆర్ పెట్టుకోమని ఫ్రెండ్ అంటున్నాడు, పెట్టొచ్చా?

జవాబు: ముందు చివరి మాటకి చెప్తాను. ఆ క్యూఆర్ పెట్టొద్దు. పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. హోటల్ బిల్లు డబ్బు ఒక్క రూపాయి మీ అకౌంట్‌లో పడినా అది దొంగతనం, నమ్మకద్రోహం కేసు అవుతుంది. పనివాడు యజమాని సొమ్ము తీస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 306, నమ్మి అప్పగించింది వాడుకుంటే 316(4), రెండిటికీ ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. నాకు రావాల్సిందే తీసుకున్నాను అనే వాదన పోలీస్ స్టేషన్‌లో నిలబడదు. ఇప్పుడు డబ్బు అడిగే స్థానంలో మీరున్నారు, ఆ స్టిక్కర్ అంటించిన రోజు నుంచి బెయిల్ అడిగే స్థానంలో ఉంటారు.

ఇక అర్హత సంగతి. మీ మర్యాద, కరోనా, నాన్నగారి విషయం ఏవీ ఈ కేసుని తేల్చవు. చట్టం ప్రకారం టిప్‌కి ఎవరూ అర్హులు కారు, ఇవ్వాలా వద్దా అనేది పూర్తిగా కస్టమర్ ఇష్టం. కానీ ఇచ్చేశాక ఆ డబ్బు ఎవరిది? దాన్ని తేల్చేది ఒక్కటే, ఓనర్ ఖాతాలో పడిన డబ్బులో ఇది టిప్ అని విడిగా కనిపిస్తోందా లేదా.

2016లో ఐటీసీ హోటల్స్ టీడీఎస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, కార్డు మీద వచ్చిన టిప్‌ని హోటల్ తన ఆదాయంగా తీసుకోవట్లేదు, ఉద్యోగుల తరఫున ట్రస్టీ లాగా పట్టుకుని వాళ్ళకి అందజేస్తోంది, కాబట్టి అది జీతం కాదు, జీతం మీద కట్ చేసినట్టు టీడీఎస్ కట్ చేయక్కర్లేదు అని. సో టీడీఎస్ సాకు అక్కడే పోయింది (పన్ను పడితే అది మీ చేతికి వచ్చాక, ఇతర ఆదాయం కింద). కానీ అదే తీర్పులో, ఉద్యోగ కాంట్రాక్టు కింద యజమానిని టిప్ అడిగే హక్కు ఉద్యోగికి లేదు అని కూడా ఉంది, అవతలి లాయర్ ముందు ఆ లైనే చదువుతాడు. అందుకే నోటీసులో 'జీతం బకాయి' అనే మాట ఎక్కడా రాకూడదు. 'మా కోసం కస్టమర్ ఇచ్చిన డబ్బు మీ దగ్గర ఉండిపోయింది' అని రాయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేసి కేసు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు ఆధారాలు. మెషిన్‌లో టిప్ అని విడిగా కొట్టిన స్లిప్పులు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డే ఎండ్ రిపోర్టులో టిప్ కాలమ్, ఇవి బంగారం. 940 బిల్లుకి కస్టమర్ క్యూఆర్ మీద వెయ్యి కొట్టి 'ఉంచుకోండి' అని వెళ్ళిపోతే ఆ 60 టిప్ అని కాగితం మీద ఎక్కడా లేదు, దాన్ని నిరూపించడం చాలా కష్టం, దాని మీద ఆశ పెట్టుకోకండి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేస్తున్నారని కూడా రాశారు, దాన్ని మీ టిప్‌తో కలపకండి. సర్వీస్ ఛార్జ్ బిల్లులో తనంతట తాను వేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. కస్టమర్ మీద రుద్దిన డబ్బులో వాటా అడిగితే మీ కేసే బలహీనపడుతుంది.

మీ మీద నాకు కోపం వచ్చింది ఎక్కడంటే, నాలుగేళ్ళు చేతితో రాసిన టిప్ పుస్తకం మేనేజర్ అడగ్గానే ఇచ్చేశారట, ఒక్క పేజీ ఫోటో కూడా లేదట. ఫోన్ మార్చి వాట్సాప్ గ్రూప్ కూడా పోగొట్టుకున్నారు. ఇంత అజాగ్రత్త ఏంటండీ? ఆ గ్రూప్‌లో ఉన్న మిగతా పది మంది ఫోన్లలో 'ఈ నెల టిప్స్ తర్వాత ఇస్తాం' అని మేనేజర్ పెట్టిన మెసేజ్‌లు ఉండే ఉంటాయి. ఈ వారంలోనే ఎక్స్‌పోర్ట్ చేయించండి, ఫోన్ అమ్మకుండా ఉంచమనండి, కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఆ మెసేజ్‌లకి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది.

ఇంకోటి, 3 లక్షల 80 వేలు మీది కాదు. అది 11 మంది పూల్. గిన్నెలు కడిగే అబ్బాయికీ అందులో పాయింట్ ఉంది. మీ వాటా మాత్రమే మీరు అడగగలరు, లేదా అందరూ కలిసి దావా వేయాలి, కలిసి వేయడమే మంచిది, సాక్ష్యం కూడా బలంగా ఉంటుంది.

టైమ్ చూసుకోండి. వేరేవాళ్ళ కోసం తీసుకున్న డబ్బు రాబట్టడానికి లిమిటేషన్ (దావా వేయడానికి ఉన్న గడువు) 3 ఏళ్ళు, అది డబ్బు అందిన రోజు నుంచి లెక్క. అంటే 2022 ఆగస్టు టిప్స్ మీద హక్కు ఇప్పటికే పోయింది, మీరు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా ఇంకో నెల డబ్బు పోతుంది. నోటీసు ఇస్తే టైమ్ ఆగదు, దావా వేస్తేనే ఆగుతుంది. గడువు దాటని నెలల బాకీ ఒప్పుకుంటూ ఓనర్ సంతకంతో కాగితం ఇస్తే ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు వస్తుంది, కాబట్టి మాటల్లో కాదు, రాతలో అడగండి.

అసలు మీరు గమనించనిది మీ 9 వేల జీతం. టిప్స్ వస్తాయి కదా అని జీతం తగ్గించి ఇస్తున్నారు. హోటల్ పనికి రాష్ట్ర ప్రభుత్వం కనీస వేతనం ఉంది, టిప్ జీతం కాదు కాబట్టి దాన్ని కనీస వేతనంలో కలపడానికి లేదు. లేబర్ ఆఫీసుకి వెళ్ళి మీ కేటగిరీకి ఇప్పుడున్న రేటు, కరువు భత్యంతో సహా, కాగితం తీసుకోండి. 9 వేలు అంతకన్నా తక్కువైతే ఆ తేడా మీద క్లెయిమ్ వేయండి, 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో దీనికి 3 ఏళ్ళ గడువు ఉంది, పాత చట్టంలో 6 నెలలే ఉండేది. అంతకుముందు కాలానికి అభ్యంతరం చెప్తారు, అయినా మొత్తం అడగండి. ఇందులో జీతం పూర్తిగా ఇచ్చానని నిరూపించుకోవాల్సింది ఓనరే, మీరు కాదు. నా లెక్కలో మీకు టిప్స్ కన్నా ఇక్కడే ఎక్కువ వస్తుంది.

చేయాల్సింది ఇది. అందరి పేర్లతో ఒక నోటీసు, డే ఎండ్ రిపోర్టులు డిలీట్ చేయకుండా భద్రపరచమని అందులో స్పష్టంగా రాసి, స్పీడ్ పోస్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపించండి. 15 రోజులు చూసి, లాయర్ ఫీజుకి ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, కార్మికులకి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. అక్కడ తేలకపోతే దావా. ఈలోగా ఖాళీ వోచర్ మీద గానీ, సెటిల్‌మెంట్ కాగితం మీద గానీ ఎవరూ సంతకం పెట్టకండి, వచ్చే నెల నుంచి టిప్ ఉన్న ప్రతి స్లిప్పుకీ సర్వ్ చేసినవాళ్ళే అప్పటికప్పుడు ఫోటో తీసుకోండి, కార్డు నంబర్ మాత్రం కనపడకుండా.