పాత సైకిలుకు కొత్త చక్రాలు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని తీరిగ్గా చూశాను. ఫ్రేముకు ఏ ఢోకా లేదు. గొట్టాలు కలిసే చోట రంగు పగల్లేదు, ఫోర్కు వంగలేదు. ఎనభైల మొదట్లో తయారైన ఆ స్టీలు వయసులో నీకంటే పెద్దది, ఇంకా చాలా ఏళ్ళు నిన్ను మోయగలదు. చక్రాలు మాత్రం మార్చాల్సిందే. పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా సంచులు కట్టుకుని వెళ్ళాలనుకుంటున్నావు, ఆ మెరిసే రిమ్ములతో నువ్వు బయలుదేరడం నాకు ఇష్టం లేదు.

అవి క్రోమియం పూత పూసిన స్టీలు రిమ్ములు. పొడిగా ఉన్నంతసేపు పని నడిచిపోతుంది. తడిస్తే బ్రేకు ప్యాడు పట్టు దాదాపు పోతుంది, లివరు ఎంత నొక్కినా సైకిలు తన దారిన తాను పోతూనే ఉంటుంది. నీ దారిలో ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ అనే కొండగట్టు 2,392 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కంబర్లాండ్ ఊరి వరకు దాదాపు 24 మైళ్ళు దిగుడే. పాత రైలు దారి కనుక వాలు మెత్తగానే ఉంటుంది గానీ, వానలో సామానుతో దిగేటప్పుడు ముందు మరో సైకిలో, పసిపిల్లల బండో ఎదురైతే ఆగగలగాలి. కాబట్టి రిమ్ము అల్యూమినియందే కావాలి. ధర తగ్గించుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి, అవి కింద చెబుతాను.

చక్రం సంగతి చూసే ముందు టైరు సంగతి తేల్చుకోవాలి. కంబర్లాండ్ దాకా సున్నపురాతి పొడి పరిచిన దారి. ఆ తరువాత వాషింగ్టన్ వరకు 184 మైళ్ళు పాత కాలువ గట్టు. అక్కడ మట్టి, వేళ్ళు, గుంటలు ఉంటాయి, వాన పడితే బురద. 25 మిల్లీమీటర్ల సన్నని టైర్లతో వెళితే ఒళ్ళు హూనం అవుతుంది. 32 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, ఫ్రేములో పడితే 35 ఇంకా మంచిది.

ఇక్కడే నీ పాత సైకిలు నీకు ఒక మేలు చేస్తుంది. నీ టైరు పక్కన 27 x 1¼ అని ఉంది కదా, దాని పక్కనే చిన్న అక్షరాలలో 32-630 అని కూడా ఉంటుంది చూడు. ఆ 630 అనేది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. 700సి అని పిలిచే ఇప్పటి మామూలు చక్రానికి అది 622. దుకాణంలో ఎవరేమి చెప్పినా, పెట్టె మీద ఏ అంగుళాలు రాసి ఉన్నా, నువ్వు ఆ మూడంకెల సంఖ్యనే నమ్ము. మన ఊళ్ళో తాతయ్య నడిపిన పెద్ద సైకిలు టైరు మీద 28 అని ఉండేది, దాని కొలత 635. 700సి టైర్ల మీద కూడా 28 అని ముద్రిస్తారు. ఒకదానికొకటి ఎక్కదు.

622కు మారితే రిమ్ము చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కొత్తగా వస్తుంది. అంటే కాస్త లావు టైరు పడుతుంది, దానిపైన మడ్గార్డు కూడా పట్టవచ్చు. 700సి టైర్లు ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. 27 అంగుళాలవి దొరకవని కాదు. పానారేసర్ పసేలా, ష్వాల్బే మారథాన్ రెండూ ఆ కొలతలో వచ్చాయి. కానీ దారి మధ్యలో టైరు చిరిగితే పల్లెటూరి దుకాణంలో అవి ఉంటాయని ఆశ పెట్టుకోకూడదు. నా మాట 700సికే.

దీనికి ఒక్క అడ్డంకి బ్రేకు. ప్యాడు ఇప్పుడున్న చోటికి నాలుగు మిల్లీమీటర్లు కిందికి రావాలి. బ్రేకు చేతిలోని గాడిలో ప్యాడు ఎక్కడుందో చూడు. కింద అంత చోటు మిగిలి ఉంటే చిక్కులేదు. లేకపోతే పొడుగు చేతుల బ్రేకులు వేసుకోవాలి. టెక్ట్రో ఆర్559 అనే రకం బ్రేకు బోల్టు నుంచి 55 మొదలు 73 మిల్లీమీటర్ల దూరం దాకా అందుతుంది, ఖరీదైనది కాదు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకున్నాకే చక్రాలు ఆర్డరు పెట్టు.

ఇక వెనుక చక్రం. నీ డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడే పోవాలి. నీ బరువులో సగానికి పైగా, సామాను మొత్తం, తొక్కే బలం అంతా ఈ చక్రం మీదే పడతాయి. ముందు చక్రం మామూలుదైనా సర్దుకుపోవచ్చు.

నీది ఆరు గేర్ల ఫ్రీవీలు, అంటే వెనుక గేరు పళ్ళ చక్రాల గుత్తి. అది చక్రం నడిమి భాగమైన హబ్బు మీద మరలాగా బిగుస్తుంది. ఆ పద్ధతిలో కుడివైపు బేరింగు ఫ్రీవీలుకు లోపల, ఫ్రేముకు దూరంగా ఉండిపోతుంది. బేరింగు నుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా నిలబడాలి. బరువుతో గుంటల్లో పడ్డప్పుడల్లా ఆ చోటే వంగి వంగి, ఒకరోజు విరుగుతుంది. షిమనో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బులో గేర్లు తిరిగే యంత్రం హబ్బులోనే భాగం, కుడి బేరింగు బయటి చివరకు వచ్చేసింది. ఇరుసు విరగడం దాదాపు ఆగిపోయింది. సామాను మోసే సైకిలుకు ఫ్రీహబ్బు చక్రమే కొనుక్కో. చవకగా వస్తుందని మళ్ళీ ఫ్రీవీలు చక్రం తీసుకోకు.

మరి అది నీ ఫ్రేములో పడుతుందా? ఆరు గేర్ల ఫ్రేములో వెనుక ఇరుసు కూర్చునే రెండు కొక్కేల మధ్య ఎడం మామూలుగా 126 మిల్లీమీటర్లు. ఎనిమిది గేర్ల రోడ్డు హబ్బుకు 130 కావాలి. ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు. స్టీలు కనుక చేత్తో కాస్త విడదీసి చక్రం దూర్చవచ్చు. ప్రతిసారీ ఆ తంటా ఎందుకనుకుంటే, ఫ్రేములు తెలిసిన మెకానిక్ చేత ఒకసారి నిలకడగా వంచి సరిచేయించు. కార్బన్ ఫ్రేముతోనో అల్యూమినియం ఫ్రేముతోనో ఈ పని తలపెట్టకూడదు. నీ గేరు లివర్లు క్లిక్కులు లేని పాత రకం, గొలుసు ఎక్కడ ఆపాలో నీ చెయ్యే చెబుతుంది. అందుకే ఎనిమిది గేర్లు వేసినా అవే పనికొస్తాయి. అక్కడ ఒక ఖర్చు మిగిలింది.

స్పోకులు 36 ఉండాలి, 32కు తగ్గకూడదు. రిమ్ము రెండు గోడలది, లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు. సన్ సీఆర్18 లాంటి రిమ్ము, దానికి షిమనో టియాగ్రా లాంటి హబ్బు ఉంటే నీకు అంతకు మించి అక్కర్లేదు. షిమనో హబ్బులో బేరింగు గుండ్లు విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించుకోవచ్చు. ఆ పని నువ్వే నేర్చుకోవాలి. సన్నటి రిమ్ములకు ఇరవయ్యో ఇరవైనాలుగో స్పోకులు ఉన్న చక్రాలు పాతవాటిలో చాలా అందంగా, చవకగా కనిపిస్తాయి. పందాలకు చేసినవి అవి. వాటిలో ఒక్క స్పోకు తెగితే రిమ్ము వంకర తిరిగి ఫ్రేముకు రాసుకుంటుంది, ఇక సైకిలు భుజాన వేసుకుని నడవాల్సిందే. 36 ఉన్న చక్రంలో ఒకటి తెగితే బ్రేకు కొంచెం వదులు చేసుకుని మెల్లగా ఊరు చేరతావు. కంబర్లాండ్ దాటాక హాన్‌కాక్ వరకు 60 మైళ్ళ మేర పెద్దగా ఊళ్ళు లేవని గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. చవక చక్రానికీ ఖరీదైన చక్రానికీ విడిభాగాల్లో ఉన్న తేడా కంటే బిగింపులో ఉన్న తేడా ఎక్కువ. నువ్వు కొనబోయే చక్రాన్ని యంత్రం అల్లి ఉంటుంది. పెట్టెలోంచి తీసి తిప్పితే అటూ ఇటూ ఊగకుండా నిటారుగానే తిరుగుతుంది. దాన్ని చూసి సంతోషపడిపోకు. స్పోకులు తగినంత బిగువుగా ఉండవు, ఒకదానికొకటి సమానంగానూ ఉండవు.

స్పోకు ఎందుకు తెగుతుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. బరువు పడి తెగిపోతుందని చాలామంది అనుకుంటారు, అసలు కారణం వేరు. చక్రం నేలను తాకే చోట రిమ్ము కాస్త నొక్కుకుని, అక్కడి స్పోకుల బిగువు తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి పోగానే మళ్ళీ బిగుస్తాయి. మైలుకు ఏడు వందలకు పైగా చుట్లు తిరుగుతుంది చక్రం, ప్రతి చుట్టులోనూ ఇదే తంతు. ముందే వదులుగా ఉన్న స్పోకు కింద పూర్తిగా జారిపోయి, హబ్బు రంధ్రంలో వంపు దగ్గర కదులుతుంది. అక్కడ లోహం అలిసిపోయి, ఒకరోజు ఏ గుంటా లేని చోట టక్కున తెగుతుంది. వెనుక చక్రంలో గేర్లకు చోటివ్వడానికి రిమ్మును కుడికి జరుపుతారు కనుక ఎడమవైపు స్పోకులు ఎప్పుడూ తక్కువ బిగువుతోనే ఉంటాయి. కుడివైపు సరిగ్గా బిగిస్తేనే ఎడమకు ఆ కాస్త బిగువైనా దక్కుతుంది.

కాబట్టి చక్రం రాగానే మంచి మెకానిక్ దగ్గరకు తీసుకుపో. బెండు తీసి ఇస్తే చాలదని, బిగువు కొలిచే పరికరంతో వెనుక కుడివైపు స్పోకులన్నీ 100 కిలోల చుట్టూ, రిమ్ము తయారీదారు చెప్పిన హద్దు దాటకుండా, సమానంగా ఉంచాలని చెప్పు. పనయ్యాక నువ్వే చూసుకో. ఒకే వైపు స్పోకులను వరుసగా వేలితో మీటు. తంబురా తీగల్లా అవి దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి డబ్బుమని మొద్దుగా మోగితే అది వదులుగా ఉన్నట్టే. తరువాత పక్కపక్కన సమాంతరంగా ఉన్న రెండేసి స్పోకులను గుప్పిట పట్టి గట్టిగా పిసుకు. చేతికి తొడుగు వేసుకో, నొప్పి పెడుతుంది. దాంతో వంపుల దగ్గర మిగిలిన పాత ఒత్తిడి పోయి స్పోకులు తమ చోట్లలో కుదురుకుంటాయి. ఆ తరువాత చక్రం కొంచెం ఊగితే మళ్ళీ సరిచేయించు. మెకానిక్‌కు ఇచ్చే ఆ కూలి దండగ అనుకోవద్దు. చక్రాల లెక్కలో అన్నిటికంటే మంచి ఖర్చు అదే.

నీ దగ్గర 250 డాలర్లు ఉన్నాయన్నావు. వెనుక చక్రం కొత్తది కొను, ముందుది పాతది చూసుకో. పాతది కొనేటప్పుడు బ్రేకు రాసుకునే గోడ మీద స్కేలు అంచు నిలబెట్టి చూడు. గోడ లోపలికి గుంటపడి, స్కేలు కింద వెలుతురు కనిపిస్తే ఆ రిమ్ము అరిగిపోయింది, గాలి ఒత్తిడికి పగులుతుంది. స్పోకు రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్ళు ఉన్నాయేమో గోటితో తడిమి చూడు. ఇరుసును వేళ్ళతో మెల్లగా తిప్పు. ఇసుక నలిగినట్టు గరగరలాడితే వదిలేయ్.

రిమ్ము లోపల గుడ్డ టేపు వేయించు, పాత రబ్బరు పట్టీ తిరిగి వాడకు. వెనుక చక్రానికి రెండు వైపులకూ సరిపడే పొడవుల్లో రెండేసి అదనపు స్పోకులు కొని, ఫ్రేముకు టేపుతో కట్టేసుకో. బయలుదేరే ముందు వారం సామానంతా కట్టి దగ్గర్లో ఒకరోజు తిరిగి రా, ఆ వెంటనే చక్రం మరోసారి చూపించు.

ఏదీ కొనకముందు నాకు మూడు కొలతలు పంపు: వెనుక కొక్కేల మధ్య ఎడం, బ్రేకు బోల్టు నుంచి ఇప్పటి ప్యాడు మధ్య దాకా దూరం, ఫోర్కు కాళ్ళ మధ్య ఇరుకైన చోట ఖాళీ. స్కేలుతో మిల్లీమీటర్లలో కొలువు, అంగుళాల్లో వద్దు. ఆదివారం ఉదయం నేను ఇంట్లోనే ఉంటాను, చక్రాల బొమ్మలు ముందు పెట్టుకుని ఫోను చెయ్యి.

ఇట్లు,
మామయ్య