ఆ డబ్బా మూత తీసే ముందు బి12 చూపించుకోండి

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చెన్నై అన్నానగర్‌లో ఉంటాం. శాకాహారులం. 12 ఏళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ రెండు పూటలా వేసుకుంటాను. ఏడాదిగా ఒకటే నీరసం. టవర్ పార్కులో పొద్దున్నే నాలుగు రౌండ్లు నడిచేవాణ్ణి, ఇప్పుడు రెండో రౌండుకే బెంచీ వెతుక్కుంటున్నాను. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఎన్‌ఎంఎన్ అనే క్యాప్సూళ్లు రెండు డబ్బాలు పంపాడు. ఒంట్లో ఎన్‌ఏడీ పెరిగి ఓపిక వస్తుంది, వయసు మీద పడదు అంటున్నాడు. మా ఆవిడ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. మందుల షాపులో అడిగితే నియాసిన్ (బి3 విటమిన్) బిళ్లలు కూడా అదే పని చేస్తాయి, చవక అన్నారు. ఏది వాడమంటారు?

జవాబు: ఆ బీరువా తాళం ఇంకొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. అబ్బాయి మీద ప్రేమ కొద్దీ వెంటనే మొదలుపెట్టకండి. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ఎన్‌ఎంఎన్ దగ్గర కాదు, మెట్‌ఫార్మిన్, శాకాహారం, అరికాళ్ల తిమ్మిరి అన్న మూడు మాటల దగ్గర.

ముందు మీరడిగింది చెబుతాను. మనం తిన్న అన్నం అరిగి చక్కెరగా మారాక, కణంలో దాన్నుంచి హైడ్రోజన్‌నూ ఎలక్ట్రాన్లనూ అందుకుని మోసుకెళ్లి, శక్తి తయారయ్యే చోట దించేది ఎన్‌ఏడీ. దించేసి ఖాళీ చేతులతో మళ్లీ మోతకు వస్తుంది. ఈస్టు పులిసే తీరును చూస్తూ 1906లో ఇంగ్లండులో హార్డెన్, యంగ్ అనే ఇద్దరు దీని జాడ పట్టారు. మన ఒళ్లు దీన్ని ముఖ్యంగా బి3 విటమిన్ నుంచి తయారు చేసుకుంటుంది, వాడిన దాన్నే మళ్లీ మళ్లీ బాగు చేసి వాడుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ కొన్ని కణజాలాల్లో ఇది తగ్గుతుందన్న మాటా నిజమే. మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు.

అయితే ఇది నిజంగా కరువైన మనిషిని నేను చూశాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో వార్డుకు ఒక కూలీ ఆమె వచ్చింది. మెడ చుట్టూ హారం వేసినట్టు నల్లగా కమిలిన చర్మం, ఎర్రగా పుండైన నాలుక, విరేచనాలు, అడిగిన దానికి పొంతన లేని జవాబులు. బి3 కరువుతో వచ్చే పెల్లాగ్రా జబ్బు అది. ఏడాది పొడుగునా జొన్నలే తిండి. జొన్నల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువని, దానికీ ఈ జబ్బుకూ ముడి ఉందని డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లోనే చెప్పారు. ఆమెకు బి3 బిళ్లలే ఇచ్చాం. నాలుగైదు రోజులకు నాలుక మానింది, కారం వేసిన చారు అడిగి తాగింది. లేనివాళ్లకు అందితే విటమిన్ అలా పనిచేస్తుంది. దాన్ని చూసిన నాకు, కడుపునిండా తినేవాళ్లకు అమ్మే డబ్బాల మీద అదే మహిమ రాసి ఉంటే మనసు ఒప్పదు. ఎక్కువ శ్రమ లేని మగవాళ్లకు రోజుకు 14 మిల్లీగ్రాముల బి3 చాలు. 100 గ్రాముల వేరుశెనగపప్పులోనే 12 దాకా ఉంటుంది. పప్పు, పాలలోని ప్రోటీన్ నుంచి కూడా ఒళ్లు కొంత తయారు చేసుకుంటుంది.

ఎన్‌ఎంఎన్ అంటే ఒళ్లు ఎన్‌ఏడీగా మార్చుకునే ముడిసరుకు. అది వేసుకుంటే రక్తంలో ఎన్‌ఏడీ పెరుగుతుంది, అందులో సందేహం లేదు. పెరిగితే ఏమైంది అన్నదే అసలు ప్రశ్న. 2021లో వచ్చిన అమెరికా పరిశోధనలో, షుగరు అంచున ఉన్న, బరువెక్కువున్న 25 మంది ఆడవాళ్లను తీసుకుని కొందరికి 10 వారాలు రోజుకు 250 మిల్లీగ్రాములిచ్చారు. కండరాల మీద ఇన్సులిన్ కొంచెం మెరుగ్గా పనిచేసింది. బరువు తగ్గలేదు, రక్తంలో చక్కెరా తగ్గలేదు. వాడినవాళ్లు ఎక్కువ కాలం బతికారని చూపించిన పరిశోధన మనుషుల్లో ఇంతవరకూ లేదు. ఎలుకల్లో వచ్చిన ఫలితాలనే మన మీదికి లాగుతున్నారు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకూ షుగరు, అమ్మా మెట్‌ఫార్మిన్ మీదే. మాంబళం ఇంట్లో సాయంత్రం పూట కనకాంబరాలు కట్టేది. ఒక రోజు దారం ముడి పడలేదు. వేళ్ల మధ్య పువ్వు ఉందో లేదో తెలియడం లేదే అంది. షుగరు తిమ్మిర్లే అనుకున్నాను. హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను. మరో ఎనిమిది నెలలకు, స్నానాల గదిలో తూలి పడ్డాక బి12 చేయిస్తే అట్టడుగున ఉంది. ఇంజెక్షన్లతో ఓపిక నెల రోజుల్లో వచ్చింది. వేళ్ల స్పర్శ మాత్రం పూర్తిగా రాలేదు, పూలు కట్టడం మానేసింది. డాక్టరునై ఉండి ఎనిమిది నెలలు పోగొట్టాను. అందుకే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లందరికీ చెబుతాను: ఆ మందు ఒంటికి బి12 సరిగా పట్టనివ్వదు. శాకాహారులకు పాలు, పెరుగు తప్ప అది దొరికే దారీ పెద్దగా లేదు. అలాగని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి, అది మంచి మందు.

ఈ వారమే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. బి12తో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), మూడు నెలల షుగరు సగటు చూపించుకోండి. ఈసీజీ తప్పనిసరి. షుగరు ఉన్నవాళ్లకు గుండె జబ్బు నొప్పి లేకుండా, నడిస్తే ఆయాసంగానో నీరసంగానో కనిపించవచ్చు. రెండో రౌండుకే బెంచీ అన్నారు కదా, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రాత్రి గురక పెడుతున్నారేమో మీ ఆవిడను అడిగి అదీ చెప్పండి.

నియాసిన్ అసలే వద్దు. పెద్ద మోతాదులో వేసుకుంటే ఒళ్లంతా మంట, ఎరుపు, కాలేయానికి దెబ్బ. 25 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధనలో షుగరు ఉన్నవాళ్లకు అది ఇంకా పెరిగింది.

గుండె బాగుందని తేలాక నడక మళ్లీ పెంచండి, వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసి సార్లు లేచి కూర్చోండి. వ్యాయామం చేసే కండరంలో ఎన్‌ఏడీని బాగు చేసి మళ్లీ వాడుకునే ఎంజైము పెరుగుతుంది. పెద్ద వయసువాళ్లలోనూ పెరిగిందని చూశారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం. చెల్లి పెళ్లి దగ్గర పడింది, పని టెన్షన్‌తో ముఖం వాడిపోయింది. ఎన్‌ఏడీ డ్రిప్ పెట్టించుకోవచ్చా అమ్మా?

జవాబు: వద్దమ్మా. నరంలోకి కాస్త వేగంగా ఎక్కితే వికారం, గుండె దడ, ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దాంతో మేలని గట్టి రుజువు లేదు. నెలసరి ఎక్కువగా అవుతుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకో. ఆఫీసు కాల్స్ రాత్రి ఎన్నింటిదాకా ఉంటున్నాయో, ఎన్ని గంటలు నిద్రపోతున్నావో రాసి పంపు, వచ్చే నెల వివరంగా జవాబిస్తాను.