చురుకు పిల్లల తరగతి మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మా,

పేదింటి పిల్లల్లో చురుకైనవాళ్ల కోసం మీ ప్రాథమిక బడిలో ప్రత్యేక తరగతి మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. పాఠాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఎంపిక మీద మనసు పెట్టు. ఈ పిల్లలు చేజారిపోయేది అక్కడే.

దరఖాస్తులు పిలవకు. పిలిస్తే, అడగడం తెలిసిన తల్లిదండ్రుల పిల్లలే వస్తారు. టీచర్లను పేర్లు చెప్పమంటే చేతిరాత బాగున్నవాళ్లు, కుదురుగా కూర్చునేవాళ్లు జాబితాకెక్కుతారు. అమెరికాలో ఫ్లోరిడాలోని బ్రౌవార్డ్ కౌంటీ బడుల్లో 2005లో రెండో తరగతి పిల్లలందరికీ మాటలతో పనిలేని బొమ్మల పరీక్ష పెట్టారు. ప్రతిభావంతుల తరగతులకు అర్హత సాధించిన పేద పిల్లల సంఖ్య బాగా పెరిగింది. డబ్బు చాలక దాన్ని ఆపేశాక మళ్లీ తగ్గింది.

కాబట్టి రెండు, మూడు తరగతుల్లో ఒక్కరినీ వదలకుండా పరీక్ష పెట్టించు. రావెన్స్ కలర్డ్ ప్రోగ్రెసివ్ మాట్రిసెస్ లాంటిది సరిపోతుంది. అందులో ఒక ముక్క ఖాళీగా వదిలిన 36 బొమ్మలు ఉంటాయి, సరిపోయే ముక్కను ఎంచుకోవాలి, చదవడం రాకపోయినా చెయ్యొచ్చు. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుల చేతే పెట్టించు. ముందురోజు అదే తరహావి, అసలు పరీక్షలో లేనివి, నాలుగైదు బోర్డు మీద వేసి చేయించు. పజిల్ పుస్తకం ఎన్నడూ చూడని పిల్ల, లేకపోతే, అడుగుతున్నదేమిటో తెలుసుకోవడానికే సగం సమయం పోగొట్టుకుంటుంది.

మార్కులను మీ బడి పిల్లల్లోనే పోల్చి పైనున్న పదిశాతాన్ని తీసుకో. దానితోపాటు నాలుగు వారాలు తరగతిలో గమనించు: చెప్పని అడ్డదారిలో లెక్క చేసేవాళ్లు, ఇంట్లో పెద్దలకు ఉత్తరాలూ ఫారాలూ చదివి వివరించేవాళ్లు, టీచరు చెప్పినదాంట్లో పొసగని చోటు పట్టుకునేవాళ్లు. పరీక్షలోనో గమనింపులోనో, ఏ ఒక్కదానిలో తేలినా తీసుకో. రెంటిలోనూ తేలాలని పట్టుబడితే, ఆకలితోనో నిద్రలేకో పరీక్ష రాసిన పిల్లలు ఆ ఒక్కరోజుతో పోతారు. ఏటా మళ్లీ వెతుకు.

తరగతికి 12 నుంచి 15 మంది, వారానికి రెండుసార్లు, గంటంబావు చొప్పున చాలు. బడి వేళల్లోనే పెట్టు. సాయంత్రం పెడితే తమ్ముణ్ణి చూసుకోవాల్సిన అక్క రాదు. అలాగని ఆటల పీరియడ్ తీసుకోకు, తప్పిపోయిన పాఠాన్ని ఇంటిపనిగా రెట్టింపు చెయ్యకు, అది శిక్షలా ఉంటుంది. కొత్త పాఠానికి ముందే చిన్న పరీక్ష పెట్టి, నూటికి 85 వచ్చినవాళ్లను ఆ అభ్యాసాల నుంచి వదిలెయ్యి. ఆ సమయమే నీ తరగతిది.

పై తరగతి పాఠాలు ముందే చెప్పెయ్యడమే ప్రతిభకు మేత అనుకోకు. ఒకే ప్రశ్నలో లోతుకు దింపు. మీటరు కర్ర నిటారుగా పాతి (దారానికి రాయి కట్టి నిటారో కాదో చూడమను), పది నుంచి రెండు దాకా పావుగంటకోసారి నీడ కొన గుర్తుపెట్టమను. సరిగ్గా పన్నెండుకు నీడ పొట్టిదవుతుందని అందరూ అంటారు, కొలతలు సాధారణంగా ఒప్పుకోవు. గడియారం తప్పంటారు. అననీ. మిట్టమధ్యాహ్నం దగ్గర నీడ చాలా నెమ్మదిగా మారుతుంది, ఏది అన్నిటికన్నా పొట్టిదో తేలదు. అప్పుడు, కర్ర మొదలు కేంద్రంగా, ఉదయపు నీడంత వ్యాసార్థంతో వృత్తం గీయించు. మధ్యాహ్నం దాటాక నీడ కొన మళ్లీ ఆ వృత్తాన్ని తాకినచోట గుర్తుపెట్టి, రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. ఎందుకు వస్తుందో నువ్వు చెప్పకు. మూడు వారాలు పట్టినా పట్టనీ. దేశమంతటికీ ఒకే గడియారమైతే సూర్యుడు అందరికీ ఒకేసారి నడినెత్తికి వస్తాడా అనే ప్రశ్న వాళ్ల నోటి నుంచే రావాలి.

మాటల కొరత కనిపిస్తుంది. దాన్ని తెలివి తక్కువతనంగా లెక్కకట్టకు. ప్రతి తరగతిలో పది నిమిషాలు ఆ రోజు పనికొచ్చే ఐదారు మాటలకు కేటాయించు.

మూడు, నాలుగు వారాలకు ఒకరిద్దరు ఏడుస్తారు, కడుపునొప్పి అంటారు, మానేస్తామంటారు. అంతదాకా ఏదీ తప్పు చెయ్యని పిల్లలకు కష్టమైన లెక్క ఎదురుకావడం అదే మొదటిసారి. తీసెయ్యకు, సగం పని తగ్గించి పక్కన కూర్చో. ఏడాది నడిమధ్యలో ఎవరినీ తప్పించవద్దు.

రుసుము ఎవరికీ పెట్టకు. అడిగితే మాఫీ చేస్తామంటే అడగడానికి సిగ్గుపడి మానుకుంటారు. సామాను బడిదే కావాలి. అనుమతి పత్రం ఒక్క పేజీ ఉండాలి, చదవలేని వాళ్లకు ఫోనులో చదివి వినిపించు. తల్లిదండ్రుల సమావేశానికి రాకపోతే శ్రద్ధ లేదనుకోకు, కూలి పోతుందేమో కనుక్కో.

పెద్ద సెలవులకు ముందు తలా నాలుగు పుస్తకాలు ఇంటికివ్వు. ఒకటి రెండు పోతాయి, అడగకు. ప్రాథమిక బడి దాటేటప్పుడు ఒక్కొక్కరి మంచి పనులు ఐదారు, ఏ స్థాయి లెక్కలు చేస్తున్నారో రాసిన కాగితం ఒక ఫైలులో పెట్టి, కొత్త బడి లెక్కల టీచరు చేతికే ఇవ్వు. ఆఫీసులో ఇస్తే అలమరాలోనే ఉండిపోతుంది.

మొదటి నెల గడిచాక పిల్లల నోటుపుస్తకాలు రెండు మూడు పంపు. చూసి రాస్తాను.

ఆశీస్సులతో