హాంకాంగ్ ఫూయీ కార్టూన్ అసలు ఎన్ని సీజన్లు వచ్చింది?

ఒక్కటే సీజన్. 1974లో అమెరికాలో ఏబీసీ చానల్ కోసం హన్నా-బార్బెరా సంస్థ అరగంట ఎపిసోడ్లు 16 తీసింది, అంతే. ఏళ్ల తరబడి వచ్చినట్టు గుర్తుండటానికి కారణం రీరన్లు: అప్పట్లో శనివారం పొద్దున వేసే పిల్లల కార్టూన్లను తక్కువ ఎపిసోడ్లు తీయించుకుని, వాటినే తిప్పి తిప్పి వేసేవారు, చూసిందే మళ్లీ చూడటానికి పిల్లలు విసుక్కోరు, చానల్‌కు ఖర్చూ కలిసొచ్చేది.

కథల్లోనూ కొన్ని ముక్కలు అలాగే మళ్లీ మళ్లీ వస్తాయి. ఉదాహరణకు, పోలీస్ స్టేషన్‌లో ఊడ్చే పెన్రీ అనే కుక్క హాంకాంగ్ ఫూయీగా వేషం మార్చుకోవడానికి ఫైళ్ల బీరువాలోకి దూకి సొరుగులో ఇరుక్కుపోతుంది, స్పాట్ అనే పిల్లి వచ్చి విడిపిస్తేగానీ బయటపడదు. ఇలాంటివి ఎన్నిసార్లు చూశామో, అన్ని ఎపిసోడ్లు చూసినట్టే మనసులో ఉండిపోతుంది. ఫూయీకి గొంతు ఇచ్చిన స్కాట్‌మన్ క్రోథర్స్ స్వరం కూడా అంత తేలిగ్గా మర్చిపోయేది కాదు, టైటిల్ పాటా ఆయనే పాడారు.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది, ఫూయీ కుంగ్‌ఫూతో దొంగల్ని పట్టేస్తాడని. అతను పుస్తకం తెరిచి చూసుకుంటూ తడబడుతుంటే, పని చక్కబెట్టేది ఎక్కువగా స్పాటే. పేరు మాత్రం ఫూయీకి వస్తుంది.